సహవాసమూ ఏకాంతమూ: వేదాంత కళాశాలలో మార్కులు లేని చదువు



ఏ గురువుగారి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆయన దగ్గర చదువుకున్నవారు ఈ హాలులో చాలామంది ఉన్నారు. ఆయనను గురించి మీరు నాకన్నా బాగా చెప్పగలరు. ఆ పని మీకే వదిలి, ఆయన జీవితమంతా పట్టించుకున్న ప్రశ్న ఒక్కటి తీసుకుంటాను. నాలుగేళ్లు సెమినరీలో ఉన్న మనిషిని పాస్టరుగా తయారుచేసేది ఏమిటి?

వేదాంత పట్టా అయిన బి.డి. మార్కుల పత్రంలో పాత నిబంధన ఉంటుంది, కొత్త నిబంధన ఉంటుంది, సంఘ చరిత్ర, క్రైస్తవ నీతిశాస్త్రం, మతాల అధ్యయనం ఉంటాయి. ఒకే గదిలో నచ్చని మనిషితో రెండేళ్లు ఎలా గడిపావన్నదానికి అందులో గడి లేదు. సంఘం మాత్రం ముందుగా చూసేది దాన్నే. కొత్త పాస్టరుగారికి హీబ్రూలో ఎన్ని మార్కులొచ్చాయని ఏ పల్లె సంఘమూ అడగదు. అయ్యగారు ఎవరింట భోంచేశారు, ఎవరింట చెయ్యకుండా వచ్చేశారు, కోశాధికారితో మాట తేడా వస్తే ఎలా మాట్లాడారు, ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట చెప్పారా లేదా, ఇవి నెల తిరగకుండానే ఊరందరికీ తెలిసిపోతాయి.

అందుచేత నేను చెప్పదలచినది ఇది. వేదాంత కళాశాలలో కలిసి బతకడం చదువుకు తోక కాదు. చదువులో అన్నిటికన్నా కష్టమైన పేపరు అదే. ఆ పేపరు ఆప్యాయతతో గట్టెక్కదు. ఆప్యాయత మొదటి టర్ములోనే సగం ఖర్చయిపోతుంది. దాన్ని గట్టెక్కించేవి చిన్న చిన్న నియమాలు: బల్ల దగ్గర, నాలుక దగ్గర, మౌనం దగ్గర.

దీనికి చరిత్రలో మూడు చోట్లను ఎంచుకున్నాను. ఒకటి బెంగాల్‌లోని సెరాంపూర్. మన పట్టాల మీద ఇప్పటికీ సెరాంపూర్ సెనేట్ పేరే ఉంటుంది. రెండోది మన డోర్నకల్. మూడోది జర్మనీలో బాల్టిక్ సముద్రానికి దగ్గరగా ఉండిన ఫింకెన్‌వాల్డె. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది.

బల్ల

సెరాంపూర్ కళాశాల పుట్టింది 1818లో. దానికి పద్దెనిమిదేళ్ల ముందే అక్కడ ఒక ఉమ్మడి ఇల్లు పుట్టింది. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలను అడుగు పెట్టనివ్వని రోజులు. సెరాంపూర్ డెన్మార్క్ వారి చేతిలో ఉండేది గనుక ఇంగ్లండు బాప్తిస్టు మిషనరీలు విలియం వార్డ్, జాషువా మార్ష్‌మన్ అక్కడ దిగారు. 1800 జనవరిలో విలియం కేరీ వచ్చి వారితో కలిశాడు. కుటుంబాలన్నీ ఒకే ఇంట ఉండటం, ఒకే బల్ల దగ్గర తినడం, ఎవరి సంపాదనైనా ఒకే ఖజానాలో వెయ్యడం వారి ఒప్పందం. ఇంటి నిర్వహణ నెలకొకరి చేతికి మారేది. ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీకి వచ్చిన జీతం, మార్ష్‌మన్ దంపతుల బడి మీద వచ్చిన రాబడి, అన్నీ ఆ ఉమ్మడి పెట్టెలోకే వెళ్లాయి.

ఆ బల్ల దగ్గర అసలు పరీక్ష ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది. కృష్ణ పాల్ అనే వడ్రంగి బాప్తిస్మానికి సిద్ధపడ్డాడు. డిసెంబరు 28న హుగ్లీ నదిలో బాప్తిస్మం పొందడానికి కొద్ది రోజుల ముందు అతను మిషనరీలతో కలిసి కూర్చుని భోంచేశాడు. ఊళ్లో గొడవ లేచింది ఆ భోజనం మీదే. నీళ్లలో మునగడం కన్నా పక్కన కూర్చుని తినడమే పెద్ద తెగింపని ఊరికి తెలుసు, కృష్ణ పాల్‌కూ తెలుసు. 1803లో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన కృష్ణ ప్రసాద్ ఆ వడ్రంగి కూతుర్ని పెళ్లాడాడు. సెరాంపూర్‌లో కళాశాల తెరిచేనాటికే, ఎవరు ఎవరితో తింటారన్న ప్రశ్నకు ఆ ఇల్లు జవాబు చెప్పి ఉంది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఇదే ప్రశ్నను తిరగేసి అడిగారు. తెల్ల మిషనరీలు ఈ దేశం కోసం ఆస్తులు వదులుకున్నారు, ప్రాణాలిచ్చారు, అందుకు మేం కృతజ్ఞులం. ఇక మాకు కావలసింది స్నేహితులు అన్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టడాన్నీ, టీకి పిలవడాన్నీ మర్యాదల కింద అడగడం లేదని కూడా చెప్పారు. సభలో కొందరికి అది గుచ్చుకుంది. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనకే బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆయన మొదటి భారతీయ బిషప్, డోర్నకల్ ఆయన పీఠం.

ఆయన మేత్రాసనంలో విశ్వాసుల్లో చాలా ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. ఊరు ఆ రెండు పల్లెలనూ దూరం పెట్టింది; ఆ రెండు పల్లెలూ ఒకదాన్నొకటి దూరం పెట్టుకున్నాయి. అలాంటి చోట ఉపదేశకుల శిక్షణ అంటే పుస్తకం ఒక్కటే సరిపోదు. ఒక చాప మీద కూర్చుని తిననివాళ్లు రేపు ఒక గిన్నెలోంచి ప్రభువు బల్ల ఎలా పంచుతారు? అజరయ్యగారు అక్కడ చేసిన ఇంకో పని కూడా గుర్తుపెట్టుకోదగ్గది. చదువుకోవడానికి వచ్చిన ఉపదేశకులతో పాటు వారి భార్యలకూ శిక్షణ ఇప్పించారు. పల్లెలో సంఘం నడిచేది ఒక్కరితో కాదని, పాస్టరమ్మకు అక్షరం రాకపోతే ఆడవాళ్ల మధ్య సువార్త సగంలో ఆగిపోతుందని ఆయనకు తెలుసు. ఈనాడు మనం మ్యారీడ్ క్వార్టర్స్ కట్టాం. అందులో ఉన్నవారికి మన టైంటేబుల్‌లో ఒక్క పీరియడైనా ఉందా?

మూడో బల్ల ఫింకెన్‌వాల్డెది. 1935 ఏప్రిల్‌లో హిట్లర్ ప్రభుత్వానికి లొంగని జర్మన్ ప్రొటెస్టెంట్లు, అంటే కన్ఫెసింగ్ చర్చివారు, పాస్టరు అభ్యర్థుల కోసం ఒక సెమినరీ తెరిచారు. మొదట బాల్టిక్ ఒడ్డున జింగ్స్ట్ దగ్గర నడిచి, జూన్‌లో స్టెటిన్ పక్కనున్న ఫింకెన్‌వాల్డెకు మారింది. దాని బాధ్యత తీసుకున్న డీట్రిక్ బోన్‌హోఫర్‌కు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. మొదటి రోజుల్లో ఒక సాయంత్రం గిన్నెలు కడగడానికి మనిషి కావాలని వంటింట్లోంచి కబురొచ్చింది. యూనివర్సిటీ చదువులు ముగించుకుని వచ్చిన ఆ యువకుల్లో ఒక్కరూ లేవలేదు. డైరెక్టరు మాట్లాడకుండా లేచి వెళ్లి తనే కడగడం మొదలుపెట్టాడు. సిగ్గుపడి వెనకాల వచ్చినవారిని లోపలికి రానివ్వలేదు. దాని మీద ఆయన తర్వాత ఉపన్యాసం ఇవ్వలేదని ఆయన విద్యార్థి, స్నేహితుడు, జీవితచరిత్రకారుడు ఎబర్‌హార్డ్ బెట్‌గె రాతల వల్ల తెలుస్తుంది. అక్కర్లేకపోయింది కూడా.

మన హాస్టళ్లలో ఇప్పుడు చాపలు పోయి డైనింగ్ టేబుళ్లు వచ్చాయి. ఏ నియమమూ రాసి లేకపోయినా ఏ టేబులు ఏ జిల్లావారిది, ఏ మిషనువారిది, ఏ పేటవారిది అన్నది కొత్తగా వచ్చిన విద్యార్థి వారం రోజుల్లో నేర్చుకుంటాడు. నేర్పేది ఎవరో చెప్పలేం, నేర్చుకోనివాడు మాత్రం ఉండడు. ఇది మన సిలబస్‌లో లేని పాఠం. మనం తీసెయ్యాల్సిన పాఠం కూడా.

నాలుక

సెరాంపూర్ ఇంటికి తొలి రోజుల్లోనే ఒక ఏర్పాటుండేది. ప్రతి శనివారం సాయంత్రం అందరూ కూర్చుని ఆ వారంలో తమలో తమకు వచ్చిన తేడాలను బయటపెట్టి సర్దుబాటు చేసుకునేవారు. ఒకరినొకరు ప్రేమిస్తామని మళ్లీ మాట ఇచ్చుకునేవారు. మర్నాడు ఆదివారం. ఆరాధనలో కూర్చునేముందు అప్పు తీర్చుకోవడమన్నమాట. 1805లో వారు తమ ఉమ్మడి జీవితానికి ఒప్పంద పత్రం రాసుకుని, ఏటా మూడుసార్లు ప్రతి కేంద్రంలోనూ బహిరంగంగా చదవాలని నిర్ణయించుకున్నారు. ఇష్టం ఉన్నప్పుడు కలిసి ఉండటానికి కాగితం అక్కర్లేదు. ఇష్టం తగ్గే రోజు వస్తుందని తెలిసినవాళ్లే రాసుకుంటారు.

ఫింకెన్‌వాల్డెలో నియమం ఇంకా చిన్నది. ఎదుట లేని సోదరుణ్ణి గురించి మాట్లాడకూడదు. మాట జారితే ఆ సంగతి వెళ్లి అతనికే చెప్పాలి. ప్రసంగాల నుంచీ తరగతుల నుంచీ నేర్చుకున్నంతగా ఈ ఒక్క నియమం నుంచి నేర్చుకున్నామని అక్కడ చదివినవారు తర్వాత చెప్పుకున్నారు. అది ఎందుకంత కష్టమో హాస్టల్లో ఉన్న మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. లేనివాణ్ణి గురించి మాట్లాడకూడదంటే రాత్రి పదింటి తర్వాత మనకు మాటలే ఉండవు.

మన సంఘాల పరిస్థితితో దీన్ని పోల్చి చూడండి. సంఘ ఎన్నికల మీద, ఆస్తుల మీద, ట్రాన్స్‌ఫర్ల మీద ఎన్ని తగాదాలు కోర్టు గుమ్మం ఎక్కాయో పెద్దలకు తెలుసు. ఆకాశరామన్న ఉత్తరాలు తెలుగు సంఘంలో ఒక సాహిత్య ప్రక్రియ అయిపోయాయి. ఇప్పుడు వాటికి వాట్సాప్ గ్రూపు తోడైంది. ఈ విద్య ఎవరూ యాభయ్యో ఏట నేర్చుకోరు. ఇరవై రెండేళ్లకు, సెమినరీలో ప్రాక్టీసు మొదలవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నాలుకను గురించిన నియమం ఎప్పుడూ కింద ఉన్నవాడి నోరు మూయించడానికి పనికొస్తుంది. పైవాడికి అది సుఖం. ఒక విద్యార్థినికి అన్యాయం జరిగితే, ఒక దళిత విద్యార్థికి అవమానం జరిగితే, దాన్ని తగినవారి ముందు చెప్పడం చాడీ కాదు. అది చెప్పుకోవడానికి తలుపు ఉండాలి, వినేవారు ఉండాలి, విన్నదాని మీద చర్య ఉండాలి. ఆ తలుపు లేని కళాశాలకు చాడీలు చెప్పకండని బోధించే హక్కు లేదు. సెరాంపూర్ శనివారం సాయంత్రాన్ని గురించి నాకు నచ్చేది అదే: అందరూ ఉండగా, ముఖాముఖి, పేరు పెట్టి చెప్పుకోవడం.

ఆ సెరాంపూర్ ఇల్లే తర్వాత చీలింది. 1810ల చివరికి ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర మిషనరీలకు పెద్దల పెత్తనం మింగుడుపడక కలకత్తాలో వేరు కుంపటి పెట్టుకున్నారు. 1827లో సెరాంపూర్‌వారు తమను పంపిన సొసైటీతోనే తెగతెంపులు చేసుకున్నారు. నియమం మొదట కూర్చున్నవారిని కలిపి ఉంచింది. తర్వాత వచ్చినవారికి అదే బల్ల దగ్గర సమానమైన చోటు దొరకనప్పుడు ఏ పత్రమూ ఆదుకోలేదు. కళాశాల అంటే ఏటా కొత్తవారు వచ్చే ఇల్లు. సీనియర్లు రాసుకున్న నియమంలో జూనియర్లకు మాట లేకపోతే అది సహవాసం కాదు, ర్యాగింగ్‌కు భక్తి పేరు.

మౌనం

ఫింకెన్‌వాల్డెలో రోజు ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసేది. కీర్తనల గ్రంథం, పాత, కొత్త నిబంధనల పాఠాలు, పాట. ఉదయం అల్పాహారం తర్వాత అరగంట ధ్యానం. వారానికి ఒక చిన్న వాక్యభాగం ఇచ్చేవారు. వారమంతా అందరికీ అదే. లూథర్ జర్మన్ అనువాదం తప్ప మరేదీ తియ్యకూడదు. గ్రీకు చూడకూడదు, వ్యాఖ్యానం చూడకూడదు, ప్రసంగానికి నోట్సు రాసుకోకూడదు. ఈ మాట ఈరోజు నాతో ఏమంటోంది అన్నదొక్కటే పని.

విద్యార్థులు ఎదురుతిరిగారు. ఆ అరగంటలో ఏం చెయ్యాలో వారికి పాలుపోలేదు. కొందరు నిద్రపోయేవారు. కొందరు రాబోయే ఆదివారం ప్రసంగం ఆలోచించుకునేవారు. ఇది ప్రొటెస్టెంట్లు చెయ్యాల్సిన పని కాదని బయట ఎగతాళి కూడా లేచింది. బోన్‌హోఫర్ నియమం ఎత్తెయ్యలేదు. కూర్చుని వారి ఇబ్బందులు విన్నాడు. వారంలో కొన్నిసార్లు అందరూ కలిసి ధ్యానం చేసి, ఎవరికి ఏం తోచిందో పంచుకునేలా మార్పు చేశాడు.

ఈ క్రమం ఆయనకు ఎక్కడ నుంచి వచ్చింది? కొంత ఇంగ్లండులో చూసిన ఆంగ్లికన్ మఠాల నుంచి; 1935 వసంతంలో ఆయన మిర్‌ఫీల్డ్, కెల్హమ్‌లకు వెళ్లి అక్కడి దినచర్య చూశాడు. ఇంకో దారి కూడా ఉంది, అది మన వైపుది. కొన్నేళ్లుగా ఆయన ఇండియా వచ్చి గాంధీగారి ఆశ్రమంలో ఉండి, ప్రార్థనా శ్రమా ప్రతిఘటనా ఒక్క కప్పు కింద ఎలా ఇముడుతున్నాయో చూడాలనుకున్నాడు. చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ ఆయన తరఫున గాంధీగారికి రాశారు. 1934 నవంబరు 1న గాంధీగారు రమ్మని జవాబు రాశారు. ఇంతలో సెమినరీ బాధ్యత మీద పడింది, ప్రయాణం ఆగిపోయింది.

అభ్యంతరాలు బయటి ఎగతాళితో ఆగలేదు. కార్ల్ బార్త్ అంతటి వేదాంతి 1936లో బోన్‌హోఫర్‌కు రాస్తూ, ఈ ధ్యాన పద్ధతిలో మఠం వాసన కొడుతోందని అనుమానపడ్డాడు. ఆ అనుమానం తేలికది కాదు. కృప వల్ల బతికే మనిషి గడియారం పెట్టుకుని భక్తి చేస్తే, అరగంట పూర్తిచేశానన్న లెక్క మిగలదా? మన చాపెల్ హాజరు పట్టీ చూసినప్పుడల్లా నాకు బార్త్ గుర్తొస్తాడు. హాజరు వెయ్యగలం, ఆరాధన వెయ్యలేం.

అయితే ఆ అరగంట ఎందుకు పనికొచ్చిందో ఫింకెన్‌వాల్డె మూతపడ్డాక తేలింది. 1937 ఆగస్టు చివర్లో నాజీ పోలీసు అధిపతి హిమ్లర్ కన్ఫెసింగ్ చర్చి సెమినరీలను నిషేధించాడు. సెప్టెంబరు చివర్లో గెస్టపో వచ్చి తలుపులు మూసి ముద్ర వేసింది. ఆ ఏడాది ముగిసేలోగా పూర్వ విద్యార్థుల్లో 27 మంది అరెస్టయ్యారు. మిగిలినవారు మారుమూల పల్లెలకు చెదిరిపోయారు. తర్వాత యుద్ధం వచ్చి చాలామందిని మింగింది. బోన్‌హోఫర్ వారికి సర్క్యులర్ ఉత్తరాలు రాస్తూ ఉన్నాడు. ఆ ఉత్తరాల్లో క్షేమ సమాచారాలతో పాటు రాబోయే వారాల ధ్యాన వాక్యభాగాల పట్టిక వెళ్లేది. ఒకడు పల్లెలో, ఒకడు జైల్లో, ఒకడు సైనిక శిబిరంలో ఉండి, అదే వారం అదే వాక్యంతో కూర్చున్నారు.

ఆ అనుభవాన్ని ఆయన 1938 శరత్కాలంలో గట్టింగెన్‌లో కూర్చుని నెల రోజుల్లో చిన్న పుస్తకంగా రాశాడు. 1939లో అచ్చయింది. అందులో ఆయన వాదం స్థూలంగా ఇది: ఒంటరిగా ఉండలేనివాడు సహవాసంలోకి వస్తే సహవాసాన్ని పాడుచేస్తాడు, సహవాసంలో ఇమడలేనివాడు ఒంటరితనంలోకి వెళ్తే తనను తాను పాడుచేసుకుంటాడు. బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బ్యుర్గ్ శిబిరంలో ఉరితీశారు. చివరి రెండేళ్లు ఆయన గడిపింది జైలు గదుల్లో.

ఇక్కడి నుంచి మన పల్లెకు వద్దాం. మన విద్యార్థి నాలుగేళ్లు వందమంది మధ్య ఉండి, పట్టా పుచ్చుకుని ఖమ్మం జిల్లా అడవి అంచునో, ప్రకాశం జిల్లా మెట్టలోనో ఒక పాస్టరేటుకు వెళ్తాడు. చేతికింద పది పన్నెండు గ్రామాలు. మాట్లాడటానికి తోటి పాస్టరు ఇరవై కిలోమీటర్ల అవతల. చావు కబురు అర్ధరాత్రి వస్తుంది. జీతం నెల దాటి వస్తుంది. పెద్దల మధ్య తగవు తీర్చే పని ఉంటుంది, తన తగవు తీర్చేవాళ్లుండరు. అక్కడ చాలామంది చేదెక్కిపోతారు. కొందరు ఫోన్‌లోకి, కొందరు రాజకీయాల్లోకి జారిపోతారు. హాస్టల్లో వందమంది మధ్య ఉన్నప్పుడు ఎవరైతే రోజూ అరగంట ఒంటరిగా వాక్యంతో కూర్చోవడం నేర్చుకున్నారో, వారికి అక్కడ నిలబడటానికి నేల ఉంటుంది. కళాశాల సహవాసం విద్యార్థిని సిద్ధం చెయ్యాల్సింది ఆ ఏకాంతానికి. బల్లా నాలుకా సరిగా ఉన్న చోటే ఆ మౌనం పట్టుబడుతుంది. పక్కగదివాడితో మాటలు లేనివాడికి ధ్యానంలో వినపడేది పక్కగదివాడి గొంతే.

కళాశాలకు మూడు కోరికలు

మన తెలుగు నేల మీద ఈ పని కొత్తది కాదు. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో మొదలై, 1970ల మొదట్లో హైదరాబాదు చేరింది. లూథరన్లు, బాప్తిస్టులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) వారు, ఎవరి సెమినరీలు వారికి ఉండినవారు, ఒక్క కప్పు కిందికి వచ్చారు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చే సంఘం పిల్లవాడూ, ముంచి తప్ప ఇవ్వని సంఘం పిల్లవాడూ ఒకే గదిలో పడుకున్నారు. అజరయ్యగారు 1919లో ట్రాంకెబార్ సమావేశం నుంచీ సంఘాల ఐక్యత కోసం పాటుబడి, 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆయన చూడలేదు. ఆ ఐక్యత ఇప్పుడు రోజూ పరీక్షకు నిలిచేది మీ హాస్టల్లోనే.

కళాశాల కౌన్సిలును మూడు కోరుతున్నాను. మెస్సులో చీటీ వేసి నెలకోసారి టేబుళ్లు మార్చండి. వడ్డన, గిన్నెలు కడగడం వంతుల్లో అధ్యాపకుల పేర్లూ, ప్రిన్సిపాలుగారి పేరూ ఉంచండి. శనివారాలు విద్యార్థులు సంఘాలకు వెళ్తారు గనుక, శుక్రవారం సాయంత్రం ఒక గంట సెరాంపూర్ పద్ధతిలో కూర్చోండి; జూనియర్లను ముందు మాట్లాడనివ్వండి, క్వార్టర్స్‌లో ఉన్న భార్యాభర్తలనూ పిలవండి, ఫిర్యాదుల కమిటీని మాత్రం దానికి వేరుగా, గట్టిగా ఉంచండి. ఉదయం అరగంట ధ్యానానికి ఫోన్లు గదిలో వదిలి రమ్మని చెప్పండి, హాజరు మాత్రం వెయ్యకండి.

ఈ ఏడాది పట్టా తీసుకుని వెళ్లేవారికి ఒక్క మాట. మీరు మొదటి పాస్టరేటులో సామాను దించిన వారంలోనే, మీకు ముందు అక్కడ పనిచేసిన పాస్టరుగారి తప్పులన్నీ పెద్దలు టీ గ్లాసు చేతికిచ్చి మరీ మీకు చెప్తారు. ఆ టీ తాగండి. తర్వాత ఆ పాస్టరుగారికి ఫోన్ చేసి, సంఘంలో ఎవరెవరిని గురించి ప్రార్థన చెయ్యమంటారో అడిగి రాసుకోండి. మీ పని అక్కడ మొదలుపెట్టండి.